172లో డీజీ 15 నిమిషాలకు 6 డిగ్రీలు తప్పుతోంది: ఓవర్‌హాల్‌కు పంపాలా?

#1 పుష్పకం172
సెస్నా 172ఎన్. వాక్యూమ్‌తో నడిచే మామూలు డీజీ (డైరెక్షనల్ జైరో, లోపల తిరిగే రోటర్ అనే చక్రంతో దిక్కు చూపే పరికరం), దాన్ని తనంతట తాను సరిచేసే ఏర్పాటేమీ లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల, 3,500 అడుగుల ఎత్తు, దాదాపు 100 నాట్ల వేగం, సక్షన్ (ఆ చక్రాన్ని తిప్పే గాలిని పంప్ పీల్చే బలం) 4.9. ప్రతి లెగ్‌కు ముందు ఉత్తర ముఖంగా తిన్నగా ఎగురుతూ డీజీని కాంపస్‌తో కలిపి, ఆ తర్వాత కావలసిన దిక్కుకు తిప్పి, సరిగ్గా 15 నిమిషాలకు రెండింటినీ పోల్చిన లెక్కలు ఇవి. ఒక్కో దిక్కుకు మూడేసి సార్లు చూసిన సగటు:

ఉత్తరం: డీజీ 1.5 డిగ్రీలు తక్కువ
తూర్పు: 6 తక్కువ
దక్షిణం: 1 తక్కువ
పడమర: 4 ఎక్కువ

15 నిమిషాలకు 3 డిగ్రీలు దాటితే పరికరం బాగోలేనట్టే అంటారు కదా. డీజీ విప్పి షాపుకు పంపేయడమేనా, ముందు చూడాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా?

#2 స్పానర్‌బాబు
అప్పుడే విప్పకండి. జైరో మీద అనుమానం వస్తే ముందు దానికి గాలి సరిగ్గా అందుతోందా లేదా చూడాలి. 172లో చాలావరకు సక్షన్ 4.5 నుంచి 5.5 అంగుళాల పాదరసం మధ్య ఉండాలి. మీ 4.9 బాగానే ఉంది. అయితే గేజ్ పచ్చ గీతలో ఉన్నంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదు.

ప్యానెల్ వెనక సెంట్రల్ ఫిల్టర్ ఉంటుంది. జైరోలు పీల్చే గాలంతా దాని గుండానే వెళ్తుంది. అది దుమ్ముతో నిండిపోతే గాలి తగ్గుతుంది, రోటర్ వేగం పడిపోతుంది, డీజీ జారుతుంది. గేజ్‌ను ఎక్కడ కలిపారన్న దాన్ని బట్టి, ఇంత జరిగినా ముల్లు మామూలుగానే కనబడవచ్చు. క్యాబిన్‌లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే ఆ తారంతా ఇక్కడికే చేరుతుంది.

రెండోది రెగ్యులేటర్ (సక్షన్‌ను హద్దులో ఉంచేది) మీద ఉంగరంలా తొడిగే స్పాంజి ఫిల్టర్. ఇది మూసుకుపోతే కథ తిరగబడుతుంది: రెగ్యులేటర్‌లోకి బయటి గాలి రాక సక్షన్ పెరుగుతుంది. అది చూసి స్క్రూ తిప్పి సక్షన్ తగ్గించేవాళ్లున్నారు. అది పెద్ద తప్పు. కొత్త ఫిల్టర్ వేసిన రోజున సక్షన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముందు ఫిల్టర్ మార్చాలి, స్క్రూ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

మామూలుగా రెగ్యులేటర్ ఫిల్టర్‌ను 100 గంటలకు, సెంట్రల్ ఫిల్టర్‌ను 500 గంటలకు మారుస్తారు. మీ సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. రెండూ చివరిసారి ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో చూసి చెప్పండి.

#3 వేగుచుక్క
ఫిల్టర్ల సంగతి సరే. దానికంటే ముందు, ఏ లోపమూ లేని కొత్త డీజీ కూడా ఎంత జారాలో లెక్కేసుకోవాలి. మిగిలినదే పరికరం తప్పు.

జైరో అంతరిక్షంలో ఒక దిశను పట్టుకుని ఉంటుంది. దాని కింద భూమి గంటకు 15.04 డిగ్రీలు తిరుగుతుంది. అందులో డీజీకి తెలిసే భాగం అక్షాంశపు సైన్ విలువ మేరకే. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. సైన్ దాదాపు 0.3. అంటే గంటకు 4.5 డిగ్రీలు, 15 నిమిషాలకు 1.1. ఉత్తరార్ధగోళంలో డీజీ అంకె ఎప్పుడూ తగ్గే వైపుకే పోతుంది.

దీనికి ప్రయాణం వల్ల వచ్చేది కలపాలి. తూర్పుకు వెళ్తే ఇంకా తగ్గుతుంది, పడమటికి వెళ్తే పెరుగుతుంది. తూర్పు పడమరల వేగాన్ని అక్షాంశపు టాన్ విలువతో గుణించి 60తో భాగిస్తే గంటకు ఎన్ని డిగ్రీలో వస్తుంది. 100 నాట్లకు మన దగ్గర గంటకు 0.5. 15 నిమిషాలకు 0.13. ఇక్కడ దాన్ని వదిలేయవచ్చు. లండన్ అక్షాంశంలో అయితే అదే వేగానికి గంటకు 2 డిగ్రీలు దాటుతుంది, అక్కడ వదలకూడదు.

ఈ లెక్కన మీ ఉత్తరం లెగ్‌లో వచ్చిన 1.5లో 1.1 భూమిది. పరికరం తప్పు అరడిగ్రీ కూడా లేదు. ఇంత మంచి డీజీ తూర్పుకు తిరగగానే 6 డిగ్రీలు ఎందుకు తప్పుతుంది? దీనికి జవాబు దొరక్కుండా ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

#4 నైరుతి
డాలస్‌లో శిక్షణలో ఉన్నాను. వేగుచుక్క గారూ, మీ లెక్క 32.8 డిగ్రీలకు వేస్తే గంటకు 8.1, 15 నిమిషాలకు 2 డిగ్రీలు వస్తోంది. ఇక్కడి కొన్ని విమానాల్లో డీజీ అంత జారదు. ఒకటి రెండింట్లో అసలు కదిలినట్టే ఉండదు. లెక్కలో ఏం తప్పింది?

#5 రోటర్‌రావు
లెక్క తప్పలేదు నైరుతి గారూ. కొన్ని డీజీల లోపలి గింబల్ (రోటర్‌ను పట్టుకునే చట్రం) మీద ఒక చిన్న నట్ ఉంటుంది. దాన్ని జరిపితే గింబల్ బరువు ఒక పక్కకు మొగ్గుతుంది. తిరుగుతున్న జైరోను ఒక దిశలో నెడితే అది 90 డిగ్రీల అవతల కదులుతుంది కాబట్టి, ఆ కాస్త బరువుకు డీజీ నెమ్మదిగా పక్కకు తిరుగుతుంది. భూమి వల్ల వచ్చే జారుడుకు సరిగ్గా ఎదురుగా ఉండేలా షాపులో ఆ నట్‌ను బిగిస్తారు. దాన్ని లాటిట్యూడ్ నట్ అంటారు. మీ దగ్గర కదలని డీజీలు మీ అక్షాంశానికి దగ్గరగా సెట్ చేసినవి అయ్యుంటాయి.

చిక్కంతా విమానం ఊరు మారినప్పుడే. 33 డిగ్రీల ఉత్తరానికి సెట్ చేసిన డీజీని హైదరాబాద్ తెస్తే నట్ గంటకు 8.2 పెంచుతుంది, భూమి 4.5 తగ్గిస్తుంది. మిగిలేది గంటకు 3.7 పెరుగుదల. అంటే జారే దిశే మారిపోతుంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చినదైతే ఇంకా ఘోరం. దక్షిణార్ధగోళంలో నట్ తగ్గించే వైపు పనిచేస్తుంది, ఇక్కడ భూమీ తగ్గించే వైపే. 9.2, 4.5 కలిసి గంటకు 13.7, అంటే 15 నిమిషాలకు 3.4. ఏ లోపమూ లేకుండానే హద్దు దాటేసింది! సెకండ్‌హ్యాండ్ విమానమో పరికరమో కొన్నప్పుడు దాన్ని చివరిసారి ఎక్కడ ఓవర్‌హాల్ చేశారో కాగితాల్లో చూడమనేది అందుకే.

నిజంగా పాడైన జైరో ఎలా ఉంటుందో కూడా చెబుతాను. బేరింగులు అరిగితే జారుడు రోజుకో రకంగా ఉంటుంది. చలిలో ఒకలా, వేడెక్కాక ఒకలా. ఇంజిన్ ఆపాక చెవి పెట్టి వింటే రోటర్ సన్నగా తిరిగి ఆగాల్సింది పోయి గరగరమంటుంది, లేదా త్వరగా ఆగిపోతుంది. పక్కనున్న ఆర్టిఫిషియల్ హొరైజన్‌తో (విమానం వాలు చూపే జైరో) పోల్చుకుంటే తేడా చెవికే తెలుస్తుంది. గింబల్ బేరింగులు పట్టేస్తే తిన్నగా వెళ్లేటప్పుడు బాగానే ఉండి, ప్రతి మలుపు తర్వాతా కొన్ని డిగ్రీలు తప్పుతుంది. ఎడమకు తిరిగితే ఒక వైపు, కుడికి తిరిగితే ఇంకో వైపు.

ఇంకొకటి. రోటర్ పూర్తిగా ఆగకముందే విమానాన్ని చేత్తో తోసి హ్యాంగర్‌లోకి ఎక్కించడం బేరింగులకు మంచిది కాదు. ఐదు పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు.

#6 స్పానర్‌బాబు
రోటర్‌రావు గారి మాటకు ఒక చేర్పు. హోసులు పాతబడి లోపల పొడి రాలుతుంటే, ఫిల్టర్‌కూ జైరోకూ మధ్య ఉన్న ముక్క నుంచి రాలినది నేరుగా జైరోలోకే పోతుంది. దాన్ని ఆపే ఫిల్టర్ మధ్యలో ఏదీ లేదు. వాక్యూమ్ ఫిట్టింగుల మరలకు టెఫ్లాన్ టేప్ చుట్టకూడదనేది కూడా ఇందుకే, తెగిన ముక్క లోపలికి వెళ్తుంది. గొట్టాలు జైరోలకు తగిలించి ఉండగా కంప్రెషర్ గాలి కొట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒక్క దెబ్బకు రెండు జైరోలూ పోతాయి.

#7 సూదిముల్లు
మొదటి పోస్టులోని నాలుగు అంకెలను మళ్లీ చూడండి. తూర్పుకు తక్కువ, పడమటికి ఎక్కువ. ఉత్తర దక్షిణాల్లో దాదాపు ఏమీ లేదు. ఇది జైరో చేసే పని కాదు. బరువు ఒక పక్కకు మొగ్గిన జైరో ఏ దిక్కుకు వెళ్లినా ఒకే వైపు జారుతుంది. దిక్కును బట్టి గుర్తు మారేది కాంపస్ డీవియేషన్, అంటే విమానంలోని ఇనుము, అయస్కాంతాల వల్ల కాంపస్ తప్పడం.

పుష్పకం గారు డీజీని ప్రతిసారీ ఉత్తర ముఖంగానే కలిపారు, పోల్చింది మాత్రం వేరే దిక్కుల్లో. అందుకే ఉత్తరం లెగ్‌లో కనబడింది అసలు జారుడు: 1.5. మిగతా మూడింట్లోనూ జారుడుకు కాంపస్ తప్పు కలిసింది. అన్నింటి నుంచీ ఆ 1.5 తీసేస్తే తూర్పున 4.5 తక్కువ, పడమట 5.5 ఎక్కువ, దక్షిణాన 0.5 ఎక్కువ. కాంపస్ స్వింగ్ (కాంపస్‌ను ఒక్కో దిక్కులో పరీక్షించి సరిచేయడం) చేసేవాళ్ల భాషలో చెప్పాలంటే బి గుణకం (తూర్పు పడమరల తప్పు) సుమారు 5 డిగ్రీలు, సి గుణకం (ఉత్తర దక్షిణాల తప్పు) దాదాపు సున్నా.

బి ఒక్కటే పెద్దదిగా ఉందంటే కాంపస్‌కు ముందో వెనకో అయస్కాంతం లాంటిది ఏదో ఉంది. విమానం ముందు వెనకల దిశలో లాగే బలం, ఉత్తర దక్షిణాలకు వెళ్లేటప్పుడు ముల్లు వరసలోనే ఉంటుంది, కదపలేదు. తూర్పు పడమరలకు వెళ్లేటప్పుడు అడ్డంగా లాగుతుంది. డ్యాష్ మీద, విండ్‌షీల్డ్ మీద కొత్తగా ఏం పెట్టారు?

#8 పుష్పకం172
డ్యాష్ మీద, కాంపస్‌కు జానెడు దూరంలో, ఫోన్ అంటించే అయస్కాంతపు స్టాండ్ ఉంది. వాడనప్పుడు హెడ్‌సెట్ కూడా అక్కడే పెడతారు. లాగ్‌బుక్ ప్రకారం రెగ్యులేటర్ ఫిల్టర్ 60 గంటల కిందట మార్చారు. సెంట్రల్ ఫిల్టర్ మార్చి 540 గంటలైంది.

#9 సూదిముల్లు
దొరికింది. స్టాండ్ తీసేయండి. హెడ్‌సెట్‌లోని స్పీకర్లలోనూ అయస్కాంతాలుంటాయి, దాని చోటు కూడా డ్యాష్ కాదు.

మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రంలో అడ్డంగా ఉండే భాగం బలంగా ఉంటుంది, హైదరాబాద్‌లో దాదాపు 40 మైక్రోటెస్లా. లండన్ దగ్గర అది ఇంచుమించు సగం. అంటే ఇక్కడ 5 డిగ్రీలు తప్పించిన ఆ స్టాండే అక్కడ 10 డిగ్రీలు తప్పిస్తుంది. విదేశాల్లో శిక్షణకు వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

స్టాండ్ తీశాక కూడా తేడా మిగిలితే కాంపస్ స్వింగ్ చేయించాలి. అది లైసెన్స్ ఉన్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) పని. ఎలా చేస్తారో తెలిస్తే మంచిది కాబట్టి రాస్తున్నాను. హ్యాంగర్లకు, ఇనుప కంచెలకు, ఇతర విమానాలకు దూరంగా విమానాన్ని నిలుపుతారు. ఇంజిన్ నడుస్తూ, ఆల్టర్నేటర్, రేడియోలు ఆన్‌లో ఉండాలి, ఎగిరేటప్పుడు ఉండేవన్నీ ఆన్‌లో ఉంటేనే డీవియేషన్ కార్డు (ఒక్కో దిక్కుకు కాంపస్ తప్పు రాసే కార్డు) మీద రాసిన అంకెకు అర్థం. ఉత్తర ముఖంగా పెట్టి ఎన్ఎస్ స్క్రూతో తప్పును సున్నా చేస్తారు. తూర్పుకు తిప్పి ఈడబ్ల్యూ స్క్రూతో సున్నా చేస్తారు. దక్షిణంలో మిగిలిన తప్పును సగానికి తగ్గిస్తారు, పడమటలోనూ అంతే. ఆ తర్వాత స్క్రూలు ముట్టకుండా 30 డిగ్రీలకొకటి చొప్పున 12 దిక్కుల్లో చూసి కార్డు రాస్తారు. స్క్రూడ్రైవర్ ఇత్తడిది కావాలి. ఇనుపదాన్ని దగ్గరికి తెస్తే కొలిచేది స్క్రూడ్రైవర్‌నే!

#10 నైరుతి
అయితే డీజీని కాంపస్‌తో ఎప్పుడు కలపాలి, ఎలా కలపాలి? 15 నిమిషాలకొకసారి అని మాత్రమే చెబుతారు.

#11 వేగుచుక్క
నేల మీద మొదలుపెడదాం. ఇంజిన్ స్టార్ట్ చేశాక రోటర్ పూర్తి వేగం అందుకోవడానికి 5 నిమిషాలైనా ఇవ్వాలి. ఆలోపు కలిపిన అంకెను నమ్మకూడదు. టాక్సీ మలుపుల్లో డీజీ అంకె తిరిగే వైపుకే మారుతోందా, ఎక్కడైనా పట్టేస్తోందా చూడండి. నాబ్ నొక్కి తిప్పాక పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో చూసుకోండి. లోపలే ఉండిపోతే గింబల్ కట్టేసినట్టే.

రన్‌వే మీద సెంటర్‌లైన్‌కు వరసగా నిలిచినప్పుడు మళ్లీ చూడాలి. అన్నిటికంటే నమ్మకమైన దిక్కు మీకు అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే కాంపస్ అక్కడ అవసరం లేదు. కానీ పెయింట్ చేసిన అంకెను చూసి కలపకండి. బేగంపేటలో 09 అని రాసి ఉందంటే 090 అని కాదు, దగ్గరి పదికి సవరించిన అంకె అని. చార్టులో ఇచ్చిన అసలు మ్యాగ్నెటిక్ బేరింగ్ చూడాలి. డీజీ దానికి 5 డిగ్రీల లోపు ఉండాలి.

గాల్లో: రెక్కలు సమంగా, వేగం మారకుండా, ఎత్తు మారకుండా కనీసం అరనిమిషం తిన్నగా ఎగిరాక, కాంపస్ ఊగడం ఆగాక చదవండి. దానికి డీవియేషన్ కార్డులోని సవరణ కలిపి, అప్పుడు నాబ్ తిప్పండి. తిప్పడం అయ్యాక మళ్లీ కాంపస్ చూడండి, నాబ్ మీద ధ్యాస పెట్టిన ఆ నాలుగు సెకన్లలో విమానం రెండు డిగ్రీలు తిరిగి ఉంటుంది. తూర్పు పడమరలకు వెళ్తూ వేగం పెంచితే కాంపస్ ఉత్తరానికి తిరుగుతున్నట్టు, తగ్గిస్తే దక్షిణానికి తిరుగుతున్నట్టు చూపిస్తుంది. క్లైంబ్ అయి లెవెల్ ఆఫ్ చేసిన వెంటనే కలిపేవాళ్లు ఈ తప్పును డీజీలోకి ఎక్కిస్తున్నారు.

ఈ తప్పు, మలుపుల్లో వచ్చే తప్పు, రెండూ అయస్కాంత క్షేత్రం నేలలోకి ఎంత వాలి ఉందన్న దాన్ని బట్టి ఉంటాయి. మన దక్షిణ భారతంలో ఆ వాలు తక్కువ. అయస్కాంత భూమధ్యరేఖ కేరళ కొస దగ్గరగా పోతుంది. 1963లో తొలి రాకెట్‌ను తుంబా నుంచి ప్రయోగించడానికి ఆ చోటు ఎంచుకున్నది కూడా అందుకే. అందువల్ల ఇక్కడ కాంపస్ బాగా సాధువు. నైరుతి గారూ, డాలస్‌లో అది అంత సాధువు కాదు.

బ్యాంక్‌లో (విమానం ఒక పక్కకు వాలి) ఉన్నప్పుడు డీజీ రెండు మూడు డిగ్రీలు తేడా చూపించి, లెవెల్ అయ్యాక సర్దుకుంటే అది గింబల్ లెక్క, జారుడు కాదు. దాన్ని చూసి నాబ్ ముట్టకండి. పాత రకం డీజీలను 55 డిగ్రీల బ్యాంక్ లేదా పిచ్ దాటిస్తే గింబల్ ఆగుకు తగిలి గిరగిరా తిరుగుతుంది. అప్పుడు లెవెల్ అయ్యాక మొదటి నుంచి కలుపుకోవాలి.

#12 గాలిపటం
వాక్యూమ్ పంప్ పోతే డీజీ ఎలా ప్రవర్తిస్తుంది? వెంటనే తెలుస్తుందా?

#13 స్పానర్‌బాబు
తెలియదు, ప్రమాదం అక్కడే. డ్రై పంప్‌లో కార్బన్ రెక్కలుంటాయి, విరిగితే ఒక్కసారిగా విరుగుతాయి. కానీ రోటర్ ఒక్కసారిగా ఆగదు. మెల్లగా వేగం తగ్గుతూ పోతుంది. ఆ కొన్ని నిమిషాలూ డీజీ, హొరైజన్ రెండూ కొద్దికొద్దిగా అబద్ధం చెబుతాయి. ఆటోపైలట్ హెడింగ్ మోడ్‌లో ఉంటే అది డీజీనే పట్టుకుంటుంది. డీజీ అంకె కదలదు, విమానం తిరుగుతూ ఉంటుంది. మేఘంలో ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే చూపు తిప్పేటప్పుడు సక్షన్ గేజ్‌నూ కలుపుకోవాలి. 172ఆర్ నుంచి రెండు పంపులు, 3.0 కంటే తగ్గితే వెలిగే హెచ్చరిక లైటు వచ్చాయి. ఎన్ మోడల్‌లో మీ కళ్లే లైటు. కరెంటుతో నడిచే టర్న్ కోఆర్డినేటర్ (మలుపు చూపే పరికరం) ఒకటి చెప్పి, డీజీ ఇంకొకటి చెబితే ముందు సక్షన్ చూడండి. పంప్ పోయిందని తేలితే హొరైజన్, డీజీ రెండింటి మీదా కాగితం ముక్క అంటించేయండి. కళ్లు అలవాటుగా అక్కడికే పోతాయి.

పంప్ మార్చేటప్పుడు గొట్టాల్లో మిగిలిన కార్బన్ ముక్కలు తీయకపోతే కొత్త పంప్ కూడా త్వరగానే పోతుంది.

#14 గాలిపటం
కేసీఎస్ 55ఏ లాంటి, తనంతట తానే సరిచేసుకునే హెచ్ఎస్ఐ (దిక్కు చూపే పరికరం) ఉంటే ఈ బాధలేవీ ఉండవా?

#15 రోటర్‌రావు
జారుడు ఉంటుంది, మీకు కనబడదు. రెక్కలోని ఫ్లక్స్ వాల్వ్ ఉత్తరాన్ని పసిగడుతుంది. దాని ప్రకారం జైరోను నిమిషానికి 3 డిగ్రీల చొప్పున నెమ్మదిగా లాగుతూ ఉంటుంది. గంటకు 4.5 డిగ్రీల జారుడు దానికో లెక్క కాదు. స్లేవింగ్ (ఆ లాగుడు) మీటర్ ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే బాగున్నట్టు. ఒక పక్కనే ఉండిపోతే లోపం. స్విచ్ ఫ్రీలో (ఆ లాగుడు ఆపేసి) ఉండిపోతే మాత్రం అది మామూలు డీజీయే, అదీ ఎవరూ సరిచేయని డీజీ.

గార్మిన్ జీ5 లాంటి వాటిలో తిరిగే రోటర్ లేదు. దిక్కు కోసం జీఎంయూ 11 మ్యాగ్నెటోమీటర్ పెడతారు. దాని దగ్గర ఇనుప స్క్రూలు, స్ట్రోబ్ లైట్ల తీగలు ఉంటే తప్పు మళ్లీ అయస్కాంతం నుంచే వస్తుంది.

#16 పుష్పకం172
స్టాండ్ తీసేసి, సెంట్రల్ ఫిల్టర్ మార్పించాక కొత్త లెక్కలు. ఈసారి డీజీని ఏ దిక్కులో కలిపామో అదే దిక్కులో 15 నిమిషాల తర్వాత పోల్చినవి: ఉత్తరం 1.5 తక్కువ, తూర్పు 1.5 తక్కువ, దక్షిణం 1 తక్కువ, పడమర 1 తక్కువ. ఉత్తరంలో కలిపి తూర్పులో పోలిస్తే 2.5 తక్కువ. సక్షన్ 5.0.

#17 సూదిముల్లు
జైరో నిర్దోషి. తూర్పులో మిగిలిన ఆ ఒక్క డిగ్రీ కాంపస్‌ది. కార్డు తీసి చూడండి, తూర్పు గడిలో దగ్గర దగ్గర అంతే రాసి ఉంటే స్వింగ్ కూడా అక్కర్లేదు. లేకపోతే ఏఎంఈకి చెప్పండి.

#18 స్పానర్‌బాబు
డీజీ ప్యానెల్‌లోనే ఉండనివ్వండి. 15 నిమిషాలకు 1 నుంచి 1.5, సక్షన్ 5.0, తేదీ, గంటలు: ఇవి టెక్ లాగ్ వెనక కాగితం మీద రాసిపెట్టుకోండి. వచ్చే 100 గంటల తనిఖీలో రెగ్యులేటర్ ఫిల్టర్ మార్చిన రోజున ఇదే పరీక్ష మళ్లీ చేయండి. 2.5 దాటితే అప్పుడు బేరింగుల మాట మాట్లాడుకుందాం.